కత్తికి పిడి

కోనసముద్రపు ఉక్కు కొరకు ఒకప్పుడు పారశీక వర్తకులు నిజామాబాదు ప్రాంతమునకు వచ్చెడివారు. ఆ కీర్తి అంతయు అలుగునకే దక్కినది. పిడిని తలచినవారు అరుదు. కాని సికింద్రాబాదు ఇండ్లలో కూరలు తరిగెడి చిన్నకత్తికైనను పిడి వదులైనచో, చేతిలో తిరిగి వ్రేలు తెగును.

కత్తిని మనమే చేసికొన్నచో, ఉక్కును కాచి గట్టిపరచక మునుపే పిడిభాగమున బెజ్జములు వేయవలెను. పిమ్మట అవి సులభముగా పడవు. బాగుగా ఆరిన తుమ్మచెక్కలు రెండు ఎన్నుకొందము. పచ్చికొయ్య ఎండి కుంచించుకొనును, ఉక్కు కుంచించుకొనదు. ఆ సందున నీరు చేరి త్రుప్పు పట్టును. చెక్కల లోపలి ముఖములను చదును చేసి, ఉక్కు బెజ్జముల వెంబడి తొలిచి, ఇత్తడి చీలలు దిగవేయుదము. వాని కొనలను చిన్నసుత్తితో మెల్లగా కొట్టి పరపవలెను. తొందరపడినచో చెక్క పగులును. తుదకు ఆకురాయితో నునుపు చేసి అవిసెనూనె పూయుదము.

శ్రోతలు తమ యింటి కత్తిని ఒకపరి పట్టి చూతురు గాక. పిడి కదలినచో, పదును పెట్టించుటకు ముందు దానిని బిగింపించుట మేలు.