కమ్యూనిటీ కళాశాలలు: వాని చదువులు, పట్టములు



గ్రంథాలయమునకు వచ్చిన వానిని "నీకు వచ్చిన మార్కులెన్ని?" అని ఎవ్వరును అడుగరు. చదువవలెనను కోరిక యున్న చాలును, బల్లయొద్ద చోటు దొరకును. 25 ఏండ్లుగా ఈ గ్రామమున జరుగుచున్నది ఇదియే. ఈ న్యాయమునే కళాశాలకును వర్తింపజేసిన యెడల ఏమగును? ఈ ప్రశ్న విషయమున అమెరికా సంయుక్త రాష్ట్రములకు 120 ఏండ్లకు పైబడిన అనుభవము కలదు. అచ్చట కమ్యూనిటీ కళాశాలలను పేర వేయికి పైగా విద్యాలయములు నడచుచున్నవి. ఆ దేశమున బి.ఏ., బి.ఎస్సీ. స్థాయి వరకు గల చదువులు చదువువారిలో మూడవ వంతునకు మించినవారు వీనియందే యున్నారు. తెలుగునాట అమెరికా చదువుల ప్రసక్తి వచ్చినపుడు పెద్ద విశ్వవిద్యాలయముల పేర్లే వినవచ్చును గాని, వీని మాట వినబడుట అరుదు.

1901లో ఇల్లినాయ్ రాష్ట్రమునందలి జోలియట్ పట్టణమున ఈ కథ ఆరంభమైనది. చికాగో విశ్వవిద్యాలయమునకు అధ్యక్షుడుగా నున్న విలియం రైనీ హార్పరు నాలుగేండ్ల కళాశాల చదువును రెండు భాగములుగా తలంచెను. మొదటి రెండేండ్లు సామాన్య విద్య, తరువాతి రెండేండ్లు ప్రత్యేక విద్య. మొదటి భాగమును ఉన్నత పాఠశాలల చెంతనే బోధింపవచ్చునని ఆయన అభిప్రాయము. జోలియట్ ఉన్నత పాఠశాల పర్యవేక్షకుడైన జె. స్టాన్లీ బ్రౌను దానిని ఆచరణమున పెట్టెను. తొలుత చేరిన విద్యార్థులు ఆరుగురు మాత్రమే. ఆ కళాశాల నేటికిని నడచుచున్నది. అయితే హార్పరు ఉద్దేశమంతయు పరోపకారమే యని చెప్పుటకు వీలులేదు. పసితనపు పాఠములు చెప్పు బరువు తొలగిన యెడల విశ్వవిద్యాలయము పరిశోధనకు మిగులునన్న ఆశయు అందు కలదు. బీదలకు మేలు చేసిన ఏర్పాట్లు పెక్కు ఇట్లు పెద్దల సౌకర్యము కొరకే పుట్టినవి.

1907లో కాలిఫోర్నియా రాష్ట్రము ఉన్నత పాఠశాలలు కళాశాల తరగతులను నడుపుకొనుటకు శాసనము చేసెను. 1910లో ఫ్రెస్నో పట్టణమున అట్టి కళాశాల వెలసెను. అప్పటికి వీనికి జూనియర్ కళాశాలలని పేరు. రెండవ ప్రపంచయుద్ధము ముగియుచుండగా 1944లో చేసిన చట్టము వలన సైనికులకు చదువు ఖర్చు ప్రభుత్వమే భరించెను. లక్షలకొలది యువకులు తుపాకులు దించి పుస్తకములు పట్టిరి. 1947లో అధ్యక్షుడు ట్రూమన్ నియమించిన ఉన్నత విద్యా సంఘము, ప్రతి ప్రాంతమునను ప్రజలకు అందుబాటులో, రుసుము లేకుండ నడచు ప్రభుత్వ కళాశాలలు ఉండవలెనని సిఫారసు చేసెను. కమ్యూనిటీ కళాశాల యను పేరు వ్యాప్తిలోనికి వచ్చినది ఆ నివేదిక తరువాతనే.

1960లో కాలిఫోర్నియా వారు ఉన్నత విద్యకంతకును ఒక ప్రణాళిక వేసిరి. ఉన్నత పాఠశాల ముగించినవారిలో మొదటి ఎనిమిదవ వంతు వారికి రాష్ట్ర పరిశోధన విశ్వవిద్యాలయము, మొదటి మూడవ వంతు వారికి స్టేట్ కళాశాలలు. తక్కినవారి సంగతి యేమి? చదువువలన ప్రయోజనము పొందగల వారెవ్వరైనను సరే, కమ్యూనిటీ కళాశాలలో చేరవచ్చును. అచ్చట రెండేండ్లు చక్కగా చదివినవాడు విశ్వవిద్యాలయమున మూడవ యేట ప్రవేశింపవచ్చును. వెనుకబడిన వానికి రెండవ అవకాశము కల్పించుటయే ఆ ప్రణాళికలోని గొప్పతనము.

పగలు దుకాణమున పనిచేసి సాయంకాలము తరగతికి వచ్చువారు, బిడ్డలను పెంచి పెద్దచేసిన పిదప మరల పలక పట్టిన తల్లులు, ఉద్యోగము పోయి క్రొత్త పని నేర్చుకొనువారు, ఇంగ్లీషు రాని వలస కుటుంబముల వారు, ఇట్టివారందరును అచ్చట ఒకే తరగతిలో కూర్చుందురు. చాలమంది ఇంటినుండియే వచ్చి పోవుచుందురు.

ఇక పట్టముల సంగతి. శ్రోతలు ఇచ్చట కొంచెము నిదానించి వినవలెను; చిక్కంతయు ఇందే యున్నది.

ముందుగా క్రెడిట్ అను మాట. అర్ధసంవత్సరకాలము, అనగా సుమారు 15 వారములు, వారమునకొక గంట తరగతి, దానికి తోడు రెండు గంటల సొంత చదువు. ఇంతటి శ్రమకు ఒక క్రెడిట్ అని స్థూలముగా లెక్క. నాలుగేండ్ల బ్యాచిలర్ పట్టమునకు సుమారు 120 క్రెడిట్లు కావలెను. కమ్యూనిటీ కళాశాల ప్రధానముగా ఇచ్చు పట్టము దానిలో సగము, అనగా 60 క్రెడిట్లది. దీనికి అసోసియేట్ పట్టమని పేరు. డిగ్రీ యను శబ్దము వినబడినంతనే బి.ఏ. తో సమానమని తెలుగునాట భ్రమపడరాదు. అది రెండేండ్ల పట్టము, బి.ఏ. కు సగము దారి.

ఈ సగము దారియు ఒకటి కాదు. సాహిత్యము, చరిత్ర, మనస్తత్త్వశాస్త్రము వంటివి చదివి విశ్వవిద్యాలయమునకు పోదలచినవారికి అసోసియేట్ ఆఫ్ ఆర్ట్స్ కలదు. గణితము, భౌతిక రసాయన జీవశాస్త్రములు, ఇంజనీరింగు వైపు మొగ్గువారికి అసోసియేట్ ఆఫ్ సైన్స్ కలదు. ఈ రెండును సాధారణముగా పైచదువునకు మెట్లు. మూడవది అసోసియేట్ ఆఫ్ అప్లయిడ్ సైన్స్. ఇది తిన్నగా ఉద్యోగమునకు సిద్ధపరచునది: ఎక్స్‌రే యంత్రములు నడుపుట, మోటారు వాహనముల మరమ్మతు, కంప్యూటరు నెట్‌వర్కుల నిర్వహణము, లెక్కల గుమాస్తా పని వంటివి. ఇందు సామాన్య విద్య తక్కువ, చేతిపని యెక్కువ. వీనికి క్రింద కొన్ని నెలలలోనో, ఒక యేటిలోనో ముగియు సర్టిఫికెట్లు వేరుగా ఉన్నవి. వెల్డింగు నేర్చినవాడు రెండేండ్లు ఆగనక్కరలేకయే పనిలో చేరవచ్చును. పేర్లు, నియమములు రాష్ట్రమును బట్టి కొంత మారుచుండును.

మూడు పట్టముల పేర్లును ఒక్క చెవికి ఒక్క తీరుగనే వినబడును. ఫలము మాత్రము వేరు. ఇరువురు మిత్రులు ఒకే కళాశాలలో, ఒకే యేట, లెక్కల శాఖలో చేరిరనుకొనుడు. ఒకడు బదిలీ కొరకు ఏర్పడిన పాఠములు తీసికొనెను. రెండవవాడు అప్లయిడ్ పట్టమును ఎంచుకొనెను. రెండేండ్ల పిదప ఇరువురికిని బి.కాం. వంటి పట్టము చదువవలెనను కోరిక కలిగినది. మొదటివాడు మూడవ యేట కూర్చుండును. రెండవవాని పాఠములలో పెక్కింటిని విశ్వవిద్యాలయము లెక్కకు తీసికొనక పోవచ్చును. అతడు మరల మొదటి యేటి గణితము కట్టవలసి వచ్చును. తప్పెవ్వరిది? కుఱ్ఱవానిదని చెప్పుట తేలిక. వందలకొలది విద్యార్థులకు ఒక్క సలహాదారు ఉన్న చోట, చదువుకొనని తలిదండ్రుల బిడ్డ ఈ సూక్ష్మము ఎవ్వరిని అడిగి తెలిసికొనును?

నర్సు చదువు దీనికి మంచి ఉదాహరణము. యుద్ధానంతరము అమెరికాలో నర్సుల కొరత యేర్పడెను. అప్పటికి అధికభాగము ఆసుపత్రులలో మూడేండ్లు పనిచేయుచు నేర్చు పద్ధతి యుండెను. కొలంబియా విశ్వవిద్యాలయపు టీచర్స్ కళాశాలకు చెందిన మిల్‌డ్రెడ్ మాంటాగ్ 1951లో రెండేండ్ల కళాశాల చదువుతోనే నర్సులను తీర్చిదిద్దవచ్చునని ప్రతిపాదించెను. 1952లో ఏడు కళాశాలలలో ఈ ప్రయోగము మొదలయ్యెను. అది ఫలించి దేశమంతట వ్యాపించెను. ఈ రెండేండ్ల పట్టము పొందినవారును, నాలుగేండ్ల పట్టము పొందినవారును రిజిస్టర్డ్ నర్సులగుటకు వ్రాయు పరీక్ష ఒక్కటే. మాంటాగ్ తలంపులో ఈ రెండేండ్ల చదువు తనంత తాను సంపూర్ణమైనది. కాలక్రమమున అనేక ఆసుపత్రులు నాలుగేండ్ల పట్టమునే ఎక్కువగా కోరసాగినవి. కావున ఉద్యోగము చేయుచునే మిగిలిన చదువు ముగించు మార్గములు ఏర్పడినవి. ముగింపని తలచినది మెట్టయ్యెను. ఒక విధవరాలో, ఒక కూలివాని కుమార్తెయో రెండేండ్లలో జీతము సంపాదించి, ఆ జీతముతోనే పైచదువు చదువుకొన గలుగుట సామాన్య విషయము కాదు.

అన్ని శాఖలును ఇంత అదృష్టము చేసికొనలేదు. కమ్యూనిటీ కళాశాలలో చేరువారిలో నూటికి సుమారు 80 మంది ఏనాటికైన బ్యాచిలర్ పట్టము పొందవలెనను కోరికతోనే చేరుదురు. 2024లో వెలువడిన లెక్కల ప్రకారము నాలుగేండ్ల విద్యాలయమునకు నిజముగా మారినవారు సుమారు 33 మంది. ఆరేండ్లలో ఆ పట్టము చేతబట్టినవారు 16 మంది. ద్వారము తెరచియుండుట వేరు, లోపలి గదులకు దారి తెలియుట వేరు.

ఈ సంగతిని బర్టన్ క్లార్క్ అను సమాజశాస్త్రవేత్త 1960లోనే గుర్తించెను. సాన్ హోసేలోని జూనియర్ కళాశాలను పరిశీలించి, అచ్చట విద్యార్థుల ఆశలు మెల్లమెల్లగా చల్లార్చబడుచున్నవని ఆయన వ్రాసెను. ఎవ్వరును పొమ్మనరు. పరీక్షలు, సలహాలు, మార్కులు ఒకదాని వెంట నొకటి వచ్చి, చివరకు విద్యార్థియే తన కోరికను తగ్గించుకొనును; ఓటమి తనదే యని నమ్మును. ఈ మాట కళాశాలల వారికి రుచింపలేదు. రుచింపకున్నను, దానిలోని సత్యమును కాదనుట కష్టము.

ఆశ తగ్గించుకొనని వారికిని నష్టము తప్పలేదు. అమెరికా కాంగ్రెసు పక్షమున ప్రభుత్వ వ్యవహారములను తనిఖీ చేయు కార్యాలయము 2017లో ఒక నివేదిక ప్రకటించెను. 2004 నుండి 2009 వరకు ఒక విద్యాలయము నుండి మరియొక దానికి మారిన విద్యార్థులు తమ క్రెడిట్లలో సగటున 43 శాతము కోల్పోయిరని అందు అంచనా వేయబడినది. ఇందు అన్ని విధముల మార్పులును చేరియున్నవి. కష్టపడి చదివిన చదువులో ఇంచుమించు సగము గాలిలో కలిసెనన్న మాట. ఇది చాలనట్లు, ప్రవేశకాలమున పెట్టు చిన్న పరీక్షలో వెనుకబడిన వారిని పునాది తరగతులలో కూర్చుండబెట్టెడివారు. వానికి రుసుము కట్టవలెను, కాలము వెచ్చింపవలెను. పట్టపు లెక్కలో మాత్రము అవి చేరవు. అనేకులు అచ్చటనే విసిగి మానివేసిరి.

చికిత్స లేకపోలేదు. 2010లో కాలిఫోర్నియా శాసనసభ బదిలీ కొరకే ప్రత్యేకమైన అసోసియేట్ పట్టమును ఏర్పరచెను. దానిని పొందిన విద్యార్థికి స్టేట్ విశ్వవిద్యాలయ వ్యవస్థలో ఎచ్చటనైన చోటు ఈయవలెను. సంబంధించిన శాఖలో మరి 60 క్రెడిట్లతో అతని చదువు ముగియవలెను. ఏ కళాశాలలోని ఏ పాఠము ఏ విశ్వవిద్యాలయమున చెల్లునో తెలుపు అసిస్ట్ అను పట్టిక ఎల్లరకును అందుబాటులో నున్నది. 2017 నాటి చట్టము పునాది తరగతుల పద్ధతిని చాలవరకు అరికట్టెను.

టెనెస్సీ రాష్ట్రము 2014లో చేసిన శాసనము మరియొక తీరుది. 2015 నుండి ఆ రాష్ట్రమున ఉన్నత పాఠశాల ముగించినవారికి కమ్యూనిటీ కళాశాలలో, ఇతర సహాయములు పోను మిగిలిన బోధనా రుసుమును రాష్ట్రమే కట్టును. ప్రతిఫలముగా విద్యార్థి ఒక్కొక్క అర్ధసంవత్సరమున 8 గంటలు సమాజసేవ చేయవలెను. మెచ్చదగినది మరియొకటి కలదు. ప్రతి విద్యార్థికిని ఆ ఊరివారిలో నుండియే స్వచ్ఛందముగా ముందుకు వచ్చిన ఒక మార్గదర్శి నియమింపబడును. దరఖాస్తు గడువులు గుర్తుచేయువాడు, సందేహములు తీర్చువాడు అతడే. చదువుకొన్న మేనమామ లేని కుఱ్ఱవానికి ఊరు మేనమామను ఇచ్చినట్లయినది.

రుసుము మాటకు వచ్చిన, కాలిఫోర్నియాలో 1984 వరకు స్వరాష్ట్రీయులకు రుసుమే లేదు. 2012 నుండి క్రెడిట్‌కు 46 డాలర్లు. అనగా 60 క్రెడిట్లకు 2,760 డాలర్లు, పుస్తకములు వేరు. పరదేశ విద్యార్థులకు ఈ ధర వర్తింపదు; వారు పెక్కు రెట్లు చెల్లింపవలెను. చౌక చదువన్న ప్రకటన చూచి తొందరపడువారు ఈ భేదమును గమనింపవలెను. అచ్చటనే స్థిరపడిన తెలుగు కుటుంబముల బిడ్డలకు మాత్రము ఇది నిజముగనే చౌక.

ఇటీవల ఈ కళాశాలలే కొన్ని శాఖలలో నాలుగేండ్ల పట్టములును ఈయసాగినవి. 2001లో ఫ్లోరిడా దారి తీసెను. కాలిఫోర్నియా 2014లో 15 కళాశాలలలో పరీక్షార్థము మొదలిడి, 2021లో శాశ్వతము చేసెను.

భారతదేశమునకు తెరచిన ద్వారము క్రొత్త కాదు. 1982లో హైదరాబాదున స్థాపింపబడిన ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయము, నేటి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయము, ఈ దేశమున ఆ తీరు విద్యాలయములలో మొదటిది. 2020 నాటి జాతీయ విద్యా విధానము మొదటి యేట మానినవానికి సర్టిఫికెట్, రెండవ యేట మానినవానికి డిప్లొమా ఇచ్చి, మరల వచ్చి చేరుటకు అవకాశము కల్పింపవలెనని పేర్కొనెను. 2021లో క్రెడిట్ల బ్యాంకు ఏర్పడినది. బ్యాంకు లెక్క వ్రాసియుంచును. మూడేండ్ల తరువాత తిరిగివచ్చిన వానిని చేర్చుకొను కళాశాల ఆ లెక్కలో ఎంత భాగమును ఏ పాఠమునకు బదులుగా అంగీకరించునన్నది అసలు ప్రశ్న. జోలియట్ నాటినుండి అమెరికా విద్యార్థిని బాధించుచున్న ప్రశ్నయు అదియే. కావున, ఇచ్చటనైనను అచ్చటనైనను, బిడ్డను ఇట్టి కళాశాలలో చేర్చు పెద్దలు మొదటి రుసుము కట్టుటకు పూర్వమే అడుగవలసినవి మూడు: ఈ పట్టము పైచదువునకా, ఉద్యోగమునకా, ఇందలి పాఠములను ఏ విశ్వవిద్యాలయము ఏ శాఖలో అంగీకరించును, ఆ అంగీకారము కాగితముపై నున్నదా, మాటలో నున్నదా.