నగర సంరక్షణము – పౌరుల పాలు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో గావించిన ఉపన్యాస పాఠము)



కొండగట్టు ఆంజనేయస్వామి సన్నిధికి చేరువనున్న యీ గ్రామమున ఇరువదియైదు సంవత్సరములుగా ఒక గ్రంథాలయము ఆగక నడచుట చిన్న విషయము కాదు. భవనము కట్టుట ఒకనాటి పని. దినదినము తలుపు తెరచి, పత్రికలు పరచి, ఎవరు ఏ పుస్తకమును గొనిపోయిరో వ్రాసి, సంవత్సరాంతమున పైసపైసకు లెక్క చదివి వినిపించుట ఇరువదియైదేండ్ల పని. ఆ పని చేసినవారికెల్ల నా అభినందనములు.

నగరము తన్ను తాను కాపాడుకొనుటలో పౌరులను ఎట్లు భాగస్వాములను గావింపవలెనను విషయమును గూర్చి మాటలాడుమని కార్యవర్గమువారు నన్ను కోరిరి. పల్లెలో నగరము మాట యేల యని కొందరికి తోచవచ్చును. మన బిడ్డలు చదువులకును, కొలువులకును జగిత్యాలకో, కరీంనగరమునకో, హైదరాబాదునకో పోయి అచ్చటనే కాపురములుండుచున్నారు. అదియునుగాక, చైత్ర పూర్ణిమనాడును, వైశాఖ బహుళ దశమినాడును హనుమద్దీక్షాపరులు లక్షలుగా తరలివచ్చినపుడు మన గుట్టయే ఒక నగరమగుచున్నది. త్రాగునీరు, పారిశుద్ధ్యము, చెత్త – నగరమునకు గల చిక్కులన్నియు ఆ దినములలో మనకును కలవు.

ముందుగా కరీంనగరమును తీసికొందము. 1985లో పూర్తియైన దిగువ మానేరు జలాశయము ఆ నగరమునకు మంచినీటి ఆధారము. అదే మానేటి ఒడ్డున, ఆటోనగరు సమీపమున, నగరపు చెత్త యేండ్ల తరబడి పోగై గుట్టగా పెరిగినది. ఆ గుట్ట రగులుకొన్నపుడు చుట్టుపట్ల వాడలవారు పొగతో ఉక్కిరిబిక్కిరియైరి. ఏరు మనకు నీరిచ్చినది. మనము ఏటికి చెత్తనిచ్చితిమి. ఆ గుట్టను ఏ యొక్కరును కట్టలేదు. అది ప్రతి యింటి బుట్టనుండి దినమునకు కొంచెము కొంచెముగా పెరిగినది. కనుక దానిని ఏ యొక్క అధికారియు కరగింపజాలడు. తడిచెత్తను, పొడిచెత్తను, హానికర పదార్థములను ఇంటివద్దనే వేరుచేయవలెనని 2016 నాటి నియమములు విధించినవి. నియమమును గోడపై వ్రాయుట సులభము. అది వంటింటి బుట్టలోనికి దిగుట కష్టము.

ఇచ్చట అధికారులు సాధారణముగా చెప్పు మాట యొకటి కలదు: “ప్రజలు సహకరింపరు.” ఈ మాటను నేనంగీకరింపజాలను. మన పూర్వుల నడవడి ఇందులకు విరుద్ధముగా సాక్ష్యమిచ్చుచున్నది. కాకతీయుల కాలమునుండి ఈ సీమ గొలుసుకట్టు చెరువుల సీమ. తూము తెరచి మూయుటకును, మడిమడికి వంతుప్రకారము నీరు పెట్టుటకును ఊరూర నీరటి యుండెను. ఆయకట్టు రైతులు పంట చేతికివచ్చినపుడు అతనికి ధాన్యము కొలిచి యిచ్చుచుండిరి. వంతు తప్పినచో అడుగుటకు ఊరంతయు నుండెను. చెరువుల బాధ్యత సర్కారు చేతికి పోయినకొలది ఊరికిని చెరువునకును నడుమ ఎడము పెరిగినది, పూడికయు పెరిగినది.

2015లో మిషన్ కాకతీయ పేర చెరువుల పూడికతీత ఆరంభమైనపుడు, త్రవ్వు వ్యయమును ప్రభుత్వము భరించినది. ఆ మట్టిని తమ ఖర్చుతో పొలములకు తోలుకొనుట రైతుల పాలయ్యెను. రైతులు ట్రాక్టర్లు కట్టుకొని వచ్చిరి. ఏల వచ్చిరి? ఆ మట్టి తమ చేనికి సత్తువయని వారికి తెలియును. తన పాలి పనియు, తన పాలి ఫలమును కంటికి కనిపించినచోట ఎవ్వరును పిలిపించుకొనరు.

వరంగల్లు ప్రాంతమున గీసుకొండ మండలములో గంగదేవిపల్లి యను చిన్న గ్రామము కలదు. మచ్చాపూరునకు శివారు పల్లెగానుండి 1994లో ప్రత్యేక పంచాయతీ యయ్యెను. త్రాగునీటికొక కమిటీ, పారిశుద్ధ్యమునకొక కమిటీ, పొదుపునకొకటి, మద్యనిషేధమునకొకటి – ఇట్లు పనిపనికిని ఒక కమిటీ నేర్పరచుకొని, ఆ కమిటీలలో ఇంటింటివారికి పాలు కల్పించిరి. పన్ను బకాయి లేని గ్రామముగాను, మరుగుదొడ్డి లేని యిల్లు లేని గ్రామముగాను పేరొంది 2007లో నిర్మల గ్రామ పురస్కారము నందుకొనిరి. వారికి నిధులు పైనుండి ఊడిపడలేదు. ఏ కమిటీ చేసిన పని ఏమో, ఏ రూపాయి ఎచ్చటికి పోయెనో ఊరివారికెల్ల తెలియుటయే వారి బలము.

వేయిమంది గల పల్లెలో సాధ్యమైనది లక్షమంది గల పట్టణమున సాధ్యమా? ఈ ప్రశ్న న్యాయమైనదే. దీనికి సూర్యాపేట సమాధానము చెప్పినది. లక్షకు పైబడిన జనముగల ఆ పట్టణమున, ఈ శతాబ్ది తొలి యేండ్లలో కమిషనరుగానున్న ఎస్. ఎ. ఖాదర్ సాహెబ్ గారి హయాములో వీధి చెత్తకుండీలను తీసివేసి, తడిచెత్తను, పొడిచెత్తను ఇంటింట వేరుగా సేకరించిరి. తడిచెత్తను వానపాములచేత ఎరువు గావించిరి, పొడిచెత్తను అమ్మిరి. నిధులు తక్కువైన ఒక మామూలు పురపాలక సంఘము, ఇంటి యిల్లాండ్రు కలసివచ్చినందున, దేశమున పలువురు వచ్చి చూచిపోవునట్టి పని చేసినది.

హైదరాబాదునందు 1967లో ప్రారంభమైన పట్టణ సమాజాభివృద్ధి పథకము మరియొక పాఠము నేర్పినది. అందలి కార్యకర్తలు పేదవాడలకు పోయి, మీకు ఏది ముందు కావలెనని అచ్చటివారినే అడిగి, వారు చెప్పిన పనినే మొదట చేపట్టు పద్ధతి నవలంబించిరి. బ్రెజిల్ దేశమునందలి పోర్టో అలెగ్రె నగరమున 1989 నుండి, పురపాలక వ్యయములో ఒక భాగమును ఏ పేటలో ఏ పనికి వెచ్చింపవలెనో పౌరులే సభలు జరుపుకొని నిర్ణయించు పద్ధతి నడచినది. సముద్రముల కావలివారైనను మనుష్యుల స్వభావ మొక్కటియే: నిర్ణయములో మాట యున్నవాడు ఆచరణలో చేయి వేయును.

ఇందుకు మారుగా నిర్ణయము ఒకరిది, చాకిరి మరొకరిది యైనచో దానికి మన తెలంగాణమున ఒక పాత పేరున్నది: వెట్టి. చీపురు చేతికిచ్చి ఛాయాచిత్రము తీయించి పంపివేయుటను భాగస్వామ్యమనరాదు.

ఈ మాట చెప్పునపుడు పారిశుద్ధ్య కార్మికులను మరువరాదు. మనము పగిలిన గాజును, వాడిన సూదిని, అన్నపు మెతుకులను ఒకే సంచిలో కట్టి పారవేసినపుడు, ఆ సంచిని విప్పునది ఒక మనుష్యుని చేయి. తరతరములుగా కొన్ని కులములవారి నెత్తిననే మోపబడిన పని యిది. పూనా నగరమున చెత్త యేరుకొని బ్రదుకు స్త్రీలే సహకార సంఘముగా నేర్పడి, 2008లో నగరపాలక సంస్థతో ఒడంబడిక చేసికొని, ఇంటింట రుసుము తీసికొని చెత్త సేకరించుట మొదలిడిరి. పౌరుడు బుట్ట వేరుచేయుట నగరమునకు మేలు. అంతకంటె ముందు అది ఆ చేతికి మర్యాద.

ఇక మన చేతనున్న సాధనము. 2019 నాటి తెలంగాణ పురపాలక చట్టము ప్రతి వార్డునకు నాలుగు కమిటీలను నిర్దేశించినది: యువకులకొకటి, స్త్రీలకొకటి, వయోవృద్ధులకొకటి, పేరుగల పౌరులకొకటి. కమిటీకి 15 మంది చొప్పున వార్డునకు 60 మంది. పురపాలక బడ్జెటులో నూటికి 10 పచ్చదనమునకు కేటాయింపవలెననియు ఆ చట్టమే విధించినది. చట్టమునందు చోటు కలదు. ఆ చోట కూర్చుండి, నాటిన మొక్కలెన్ని, బ్రతికినవెన్ని, మా వార్డు చెత్త యెచ్చటికి పోవుచున్నది, దానికైన వ్యయమెంత అని అడుగు పౌరులు కావలెను.

అడుగుటకు లెక్క కనిపింపవలెను. గ్రంథాలయము ఉపకరించునది ఇచ్చటనే. మనము చెల్లించు ఇంటిపన్నుపై రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను వసూలగుచున్నది. కావున పట్టణములలోని ప్రతి శాఖా గ్రంథాలయము పౌరుని సొత్తే. వార్డు జమాఖర్చును నెలకొకమారు తెలుగులో, చదువ వచ్చిన ప్రతివారికి బోధపడునట్లు, ఆ గ్రంథాలయపు గోడపై అంటింతురు గాక. చదువరానివారికి చదివి వినిపింతురు గాక. ఖర్చులేని యీ చిన్న పని పెక్కు ఘోషణలకంటె ఎక్కువ ఫలమిచ్చునని నా నమ్మకము.

చివరకు మన గుట్టవద్దకు వత్తము. రానున్న జయంతికి ఈ గ్రంథాలయ యువకులు పూనుకొని, దుకాణదారులతోను, దేవస్థానమువారితోను, పంచాయతీతోను కూర్చుండి మూడు సంగతులు ముందుగా నిశ్చయించుకొందురు గాక: కొబ్బరిచిప్పలు ఎచ్చట పోయవలెను, నీటిసీసాలు ఎవరు తిరిగి తీసికొనవలెను, ఉత్సవానంతరము లెక్క ఎవరు చదువవలెను. ఎంత చెత్త వచ్చినది, ఎంత ఎరువైనది, ఎంత మిగిలినది యను లెక్కను ఈ గోడపైననే వ్రాయుడు. రెండవ యేట ఆ అంకె తగ్గినచో, కరీంనగరమునకు పోయి చెప్పుటకు మీకొక అనుభవము సిద్ధముగా నుండును.

దీక్షాపరుడు మాల ధరించిన దినములందెల్ల నియమము తప్పడు. నగరవాసికిని అట్టి దీక్ష యొకటి కావలెను. అయితే దానికి విరమణ దినము లేదు.

ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవము జరుపుకొను నాటికి ఇచ్చటి గోడపై అట్టి లెక్కలు ఇరువదియైదు చేరునుగాక!