వేగము పెంచిన కారు - దానికి తగిన బ్రేకు

సంక్రాంతి పండుగకు హైదరాబాదు నుండి 400 కిలోమీటర్లకు పైగా ప్రయాణము చేసి మన కోనసీమ గ్రామములకు చేరు కార్లను చూచుట మాకు ఒక వేడుక. వానిలో కొన్నింటికి కొత్త హంగులు అమర్చి ఉండును. చక్రములు వెడల్పైనవి. ఇంజనులోని కంప్యూటరు లెక్కలు మార్పించి బలము పెంచినారు. బ్రేకు క్యాలిపరుకు ఎర్రరంగు పూయించినారు. ఆ ఎర్రరంగు వెనుకనున్న ప్యాడ్లు ఎట్టివని అడిగినచో రెండు విధములైన సమాధానములు వచ్చును. కారుతో వచ్చినవే ఉన్నవని కొందరు, రేసు కార్లకు వేయునవి తెప్పించినామని కొందరు. మొదటి సమాధానము మాకు కొంత చింత కలిగించును. రెండవది అంతకంటె ఎక్కువ చింత కలిగించును. కారణము విన్నవింపదలచినాము.

బ్రేకు చేయు పని ఒక్కటే. పరుగెత్తు బండిలోని శక్తిని వేడిగా మార్చుట. మనుషులతో, సామానుతో కలిపి 1500 కిలోల బరువున్న కారు గంటకు 100 కిలోమీటర్ల వేగముతో పోవుచుండగా దానిలో సుమారు 580 కిలోజౌల శక్తి ఉండును. మన వంటయింటి భాషలో చెప్పవలెనన్న, రెండు లీటర్ల నీటిని మరుగునంతవరకు కాచుటకు చాలిన వేడి అది. కారును ఆపునప్పుడు ఆ వేడిలో చాల భాగము నాలుగైదు సెకనులలో నాలుగు చక్రముల బ్రేకులలో, అందును ముఖ్యముగా ముందు చక్రముల బ్రేకులలో పుట్టును. ఆపునప్పుడు బండి బరువు ముందుకు ఒరుగును గదా. వేగము పెరిగినకొలది ఈ శక్తి వర్గప్రమాణముగా పెరుగును. 80 కిలోమీటర్ల వేగమున ఉన్నదానికి 120 కిలోమీటర్ల వేగమున రెండింతలకు పైబడి ఉండును. ఇంజనుకు బలము పెంచినవాడు తెలిసియో తెలియకయో బ్రేకుకు ఈ పనిని పెంచినాడన్నమాట.

ఈ వేడిని ఓర్చుకొను పదార్థము కొరకైన వెదకులాట కారు పుట్టిననాటి నుండియు ఉన్నది. 1888లో బెర్తా బెంజ్ అను జర్మను వనిత తన భర్త నిర్మించిన మోటారు బండిని తోలుకొని దూరప్రయాణము చేసినప్పుడు, కొయ్యబ్రేకులు అరిగిపోగా దారిలో ఒక చెప్పులు కుట్టువానిచేత వానికి తోలు కొట్టించినదని చెప్పుదురు. 1897లో ఇంగ్లండులో హెర్బర్ట్ ఫ్రూడ్ స్థాపించిన ఫెరోడో సంస్థ ఈ పనినే పరిశ్రమగా మార్చినది. ఇప్పటి ప్యాడు అనేక పదార్థముల మిశ్రమము. నారలు, లోహపు పొడులు, గ్రాఫైటు, వీనిని పట్టి ఉంచు జిగురువంటి రెజిను. ఏ పాలు ఎంత కలిపినారన్నదానిపై ఆ ప్యాడు స్వభావము ఆధారపడి ఉండును.

ఇక్కడ మన దేశకాలములను తలచుకొనవలెను. ధవళేశ్వరము దిగువన సముద్రమువరకు నేల దాదాపు సమతలము. 1852లో పూర్తియైన కాటన్ దొరగారి ఆనకట్టతో ఏర్పడిన కాలువల నీరు పల్లమెరిగి పారుచున్నది కాని, ఆ పల్లము కారునకు తెలియదు. కాలువగట్ల మీది రోడ్లు ఇరుకు, మలుపులు హఠాత్తుగా వచ్చును. మనవారు నడుపు వేగము 40, 50. మధ్య మధ్య బ్రేకు తాకవలసివచ్చును గాని, అది బాగుగా వేడెక్కకమునుపే ఊరు వచ్చును. అనగా మన డెల్టాలో కారు బ్రేకు చాలవరకు చల్లగానే పని చేయుచున్నది. దానికితోడు వానకాలపు తడి, కోతల రోజులలో ట్రాక్టరు చక్రములు రోడ్డెక్కించు బురద, ఆరబోసిన ధాన్యము, గడ్డి. సముద్రతీర గ్రామములలో ఉప్పుగాలికి రాత్రికి రాత్రియే డిస్కు మీద తుప్పు పొర కట్టును.

రేసు ప్యాడు స్వభావము ఇందుకు సరిగా విరుద్ధము. అది కొన్ని వందల డిగ్రీల వేడిలో దిట్టముగా పట్టుటకు తయారైనది. చల్లగా ఉన్నప్పుడు దానికి పట్టు తక్కువ. మా బంధువర్గములోని యువకుడొకడు అట్టి ప్యాడ్లనే వేయించి, చెన్నై సమీపమున ఇరుంగాట్టుకోటలోని రేసుబాట మీద నడిపి, ఎంతో సంతోషించినాడు. వానినే ఉంచుకొని పండుగకు ఇంటికి వచ్చినాడు. భోగినాటి తెల్లవారుజామున, మంచు కురియుచుండగా, అమలాపురము సమీపమున కాలువగట్టు మీద పోవుచుండెను. కొబ్బరితోట సందులోనుండి కాయలు నింపిన ట్రాక్టరు ఒకటి రోడ్డెక్కినది. ఇతడు బ్రేకు తొక్కినాడు. "బాబాయిగారూ, బ్రేకు తొక్కినట్లు లేదండి, కొయ్యదుంగ మీద కాలు వేసినట్లున్నదండి" అని తరువాత మాతో చెప్పినాడు. ట్రాక్టరును తప్పించబోగా ముందుచక్రము గట్టుమీది గడ్డిలోనికి దిగి అక్కడ ఆగినది. రెండు మూరల అవతల కాలువ నిండుగా పారుచున్నది. వెనుక సీటులో అతని తల్లి ఉన్నది. ప్యాడు తప్పేమియు లేదు. దానికి అలవాటైన వేడి ఆనాడు దానికి దొరకలేదు.

అట్లని కారుతో వచ్చిన ప్యాడ్లు అన్నివేళల చాలునని మా అభిప్రాయము కాదు. రంపచోడవరము దాటి మారేడుమిల్లికి, అక్కడనుండి చింతూరు వైపు ఘాటు రోడ్డుకు మన యువకులు తరచుగా పోవుచున్నారు. బొంగులో చికెన్ కొరకే పోవుచున్నామని పైకి చెప్పుదురు గాని, ఆ మలుపులలో కారు నడుపు సరదాయే అసలు కారణమని మా అనుమానము. 1500 కిలోల కారు 100 మీటర్ల ఎత్తు దిగునప్పుడు, వేగము పెరగకుండ కేవలము బ్రేకుతోనే ఆపినచో, 100 కిలోమీటర్ల వేగము నుండి రెండున్నర సార్లు పూర్తిగా ఆపినంత వేడి పుట్టును. ఆ వేడికి మామూలు ప్యాడులోని రెజిను చెడి వాయువు వెలువడును, పట్టు సడలును. మాడిన వాసన వచ్చును. పెడలు గట్టిగానే ఉండును, కారు మాత్రము ఆగదు. ఘాటు ఎక్కుటకు ఏ గేరు వేయుదుమో దిగుటకును ఆ గేరే వేయవలెనని పాత లారీ డ్రైవర్లు చెప్పు మాటను మించిన ప్యాడు ఇంకను రాలేదు.

పెడలు మెత్తబడి నేలకు అంటుచున్నదన్న అది వేరు జబ్బు. మెకానిక్కులు బ్రేకు ఆయిలు అను ద్రవము మరిగినదని అర్థము. అది గాలిలోని తేమను పీల్చుకొను స్వభావము కలది. డాట్ 4 రకము కొత్తగా ఉన్నప్పుడు కనీసము 230 డిగ్రీల వరకు మరుగరాదు; తేమ పట్టిన తరువాత ఆ హద్దు 155 డిగ్రీలకు దిగును. ఏడాదిలో సగము తేమగాలి పీల్చు మన ప్రాంతమున రెండేండ్లకొకసారి దీనిని మార్చుట తప్పనిసరి. ఖరీదైన ప్యాడ్లు వేయించి పాత ఆయిలునే ఉంచుకొనువారిని మేము ఎరుగుదుము.

ఇంకొక భ్రమ ఉన్నది. బలమైన ప్యాడు వేసినచో కారు తక్కువ దూరములో ఆగునని. ఖాళీ రోడ్డు మీద 60 కిలోమీటర్ల వేగమున గట్టిగా తొక్కినప్పుడు కాలికింద ఏ.బి.ఎస్. దడదడ తెలిసినదన్న, టైరు పట్టు అప్పటికే అంచునకు వచ్చినదన్నమాట. అటుపైన ప్యాడు చేయగలిగినదేమియు లేదు. మంచి ప్యాడు ఉపయోగము మొదటిసారి ఆపుటలో కాదు, వరుసగా పదవసారి ఆపుటలో. కనుక చేతిలో కొద్ది సొమ్మే ఉన్నచో ముందు టైర్లకును, పిదప బ్రేకు ఆయిలునకును వెచ్చించుట మేలు.

ప్యాడు కొనునప్పుడు దాని అంచునగాని వెనుక రేకున గాని అచ్చైన రెండు ఇంగ్లీషు అక్షరములను చూడవలెను. అమెరికను పద్ధతిలో మొదటి అక్షరము మామూలు వేడిలోని పట్టును, రెండవది అధికమైన వేడిలోని పట్టును తెలుపును. ఇ అన్న ఘర్షణ గుణకము 0.25 నుండి 0.35, ఎఫ్ అన్న 0.35 నుండి 0.45, జి అన్న 0.45 నుండి 0.55. రెండు ఎఫ్‌లుగాని, ఎఫ్, జి కలిసిగాని ఉన్నవి మన అవసరమునకు తగినవి. మొదటి అక్షరము ఇ అయి రెండవది జి అయినచో, అది చల్లనివేళ మందముగా ఉండి వేడిలో పట్టునదని గ్రహింపవచ్చును. అయితే ఈ పరీక్ష చిన్నముక్క మీద ప్రయోగశాలలో జరుపునది. అరుగుదలను గూర్చి, చప్పుడును గూర్చి ఏమియు చెప్పదు. ఐరోపా పద్ధతిలోని 90ఆర్ ముద్ర ఉన్నచో, ఆ ప్యాడు కారుతో వచ్చినదానికి చాల దగ్గరగా పని చేయునని పరీక్షించినారని అర్థము. రేసునకే ఉద్దేశించినవానికి సాధారణముగా ఈ ముద్ర ఉండదు.

మా సలహా అడిగినచో, డెల్టాలో ఉండి నెలకొకసారి ఘాటుకు పోవువానికి తయారీదారులు 'ఫాస్ట్ రోడ్' అని పేర్కొను మధ్యతరగతి ప్యాడు చాలును. చల్లగా ఉన్నప్పుడు తొలి తొక్కుకే పట్టును. మామూలు ప్యాడుకంటె ఎక్కువ వేడిని ఓర్చును. కొంత నల్లపొడి రాలును, ఒక్కొక్కప్పుడు కీచుమనును. అర్ధరాత్రి అగ్రహారపు వీధిలో ఆ కీచు ఎంత దూరము వినబడునో మాకు తెలియును! వెనుక డిస్కులున్న కారునకు వెనుక మాత్రమే దిట్టమైన ప్యాడ్లు వేయరాదు. తడిరోడ్డు మీద వెనుకభాగము పక్కకు తిరుగును. ఇంజను మార్పుల విషయమున 1988 మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ఉన్నది. రిజిస్ట్రేషను పత్రములోని వివరములకు భిన్నముగా బండిని మార్చరాదు. ప్రమాదము జరిగిననాడు బీమా కంపెనీవారు మొదట అడుగునది ఇదియే.

కొత్త ప్యాడ్లు వేసిననాడే వేగముగా పోరాదు. తయారీదారు సూచన వేరుగా లేనిచో, వాహనములు లేని రోడ్డుమీద తెల్లవారుజామున 60 కిలోమీటర్ల నుండి 10 వరకు మెల్లగా తగ్గించుచు, పూర్తిగా ఆపకుండ, ఎనిమిది పది పర్యాయములు చేయవలెను. తరువాత బ్రేకు తాకకుండ కొంత దూరము నడిపి చల్లార్చవలెను. ఘాటు దిగి వచ్చినప్పుడును ఇంతే. టీ దుకాణము ముందు ఆపి వెంటనే పెడలు తొక్కి పట్టుకొని కూర్చున్నచో వేడి ప్యాడు అచ్చు డిస్కుమీద పడును; పిమ్మట బ్రేకు వేసినప్పుడెల్ల స్టీరింగు అదరును. చదునైన చోట గేరులో ఉంచి, చక్రమునకు రాయి అడ్డుపెట్టి, టీ త్రాగి రావచ్చును.