నాడి అందని చెయ్యి: పెద్ద ధమనుల వాపు, పక్షవాతం



మా గురువుగారు మాకు న్యూరాలజీ చెప్పారు. పక్షవాతంతో ఎవరైనా వార్డులో చేరితే మా చేతులు ముందు నరాలు పరీక్షించే సుత్తి మీదికి పోయేవి. ఆయన మాత్రం రోగి రెండు మణికట్లూ ఒకేసారి పట్టుకునేవారు. తర్వాత మెడకు రెండు పక్కలా స్టెతస్కోప్ పెట్టి వినేవారు. మెదడు సంగతి ఆ తర్వాతే. మెదడుకు రక్తం మోసుకెళ్లే పెద్ద ధమనుల గోడలకు వాపు జబ్బు వస్తే అది పక్షవాతానికి ఎలా దారి తీస్తుందన్నది ఈనాటి నా విషయం. ఆయన పద్ధతిలో పరీక్షిస్తే ఈ జబ్బు చాలామందిలో ముందే దొరుకుతుంది.

పక్షవాతం అనగానే బి.పి., షుగర్, పొగాకు, కొవ్వు గుర్తొస్తాయి. అరవై దాటినవారి విషయంలో సాధారణంగా అవే కారణాలు. పాతికేళ్ల అమ్మాయికి ఉన్నట్టుండి కాలూ చెయ్యీ పడిపోతే ఆ జాబితా సరిపోదు. అలాంటప్పుడు తప్పక వెతకవలసిన కారణాల్లో పెద్ద ధమనులకు వాపు తెచ్చే టకయాసు వ్యాధి ఒకటి. ఇది ఎక్కువగా నలభై ఏళ్లలోపువారికి, అందులోనూ స్త్రీలకు వస్తుంది.

దీన్ని లోకానికి చెప్పినవాడు కంటి డాక్టరు. 1905లో జపాన్ నేత్రవైద్యుల సభలో మికితో టకయాసు 21 ఏళ్ల యువతి కంటిలో తాను చూసినదాన్ని వివరించాడు. కంటి నరం మొదలు చుట్టూ సన్నని రక్తనాళాలు దండలా అల్లుకుని ఉన్నాయి. అదే సభలో మరో ఇద్దరు వైద్యులు లేచి, అటువంటి కళ్లున్న తమ రోగులకు మణికట్టు దగ్గర నాడి అందలేదన్నారు. ఆ మాటతో జబ్బు కంటిది కాదని, గుండె నుంచి బయలుదేరే బృహద్ధమనిదీ దాని కొమ్మలదీ అని తెలుసుకునే దారి తెరుచుకుంది. పైకి వెళ్లే కొమ్మలు మూసుకుపోతే కంటికీ మెదడుకూ చేతికీ కలిసే కరువొస్తుంది. 1951లో షిమిజు, సానో అనే జపాన్ వైద్యులు దీన్ని నాడి లేని జబ్బు అన్నారు.

పెద్ద ధమని గోడ మందంగా ఉంటుంది. దానికి ఆహారం అందించే చిన్న చిన్న నాళాలు బయటి పొరలో వేరుగా ఉంటాయి. శరీరాన్ని కాపాడవలసిన రక్షణ కణాలు ఆ దారిన గోడలోకి చొరబడి వాపు పుట్టిస్తాయి. గోడ దళసరి అవుతుంది, లోపలి పొర పెరుగుతుంది, రక్తం పోయే దారి ఇరుకవుతుంది. కొందరిలో సాగే గుణమున్న మధ్య పొర నాశనమై గోడ బుడగలా ఉబ్బుతుంది. మొదట్లో కనిపించేవి సన్నజ్వరం, నీరసం, బరువు తగ్గడం, ఒళ్లునొప్పులు మాత్రమే. ఇ.ఎస్.ఆర్. అనే రక్తపరీక్ష అంకె ఎక్కువగా ఉందని క్షయ మందులు మొదలుపెట్టించుకున్నవారూ ఉన్నారు. క్షయకూ ఈ జబ్బుకూ సంబంధం ఉందేమోనన్న అనుమానం మన దేశంలో పాతదే కానీ, అది ఇంతవరకూ రుజువు కాలేదు.

పక్షవాతం రావడానికి దారులు ఒకటి కాదు. మెడలోని కెరోటిడ్ ధమని మెల్లగా మూసుకుపోతుంటే శరీరం పక్కదారులు వెతుక్కుంటుంది. అందుకే ఒక కెరోటిడ్ పూర్తిగా మూసుకుపోయినా ఏళ్ల తరబడి మామూలుగా తిరిగేవారున్నారు. అయితే ఆ పక్కదారులకు మిగులు సామర్థ్యం తక్కువ. విరేచనాలతో నీరసించినా, ఆపరేషన్ బల్ల మీద బి.పి. పడిపోయినా, రెండు కాలువల చివరి భూములు ఎండినట్టు, రెండు ధమనుల సరిహద్దులోని మెదడు భాగం ముందు దెబ్బతింటుంది. మరికొందరిలో వాచిన గోడ మీద గడ్డకట్టిన రక్తం ఊడి పైకి పోయి అడ్డుపడుతుంది. చేతికి వెళ్లే సబ్‌క్లేవియన్ ధమని మొదట్లోనే మూసుకుపోతే, మెదడు వెనక భాగానికి వెళ్లవలసిన రక్తం వెనక్కి తిరిగి చేతిలోకి దిగుతుంది. బట్టలు ఉతికేటప్పుడు చెయ్యి లాగి, కళ్లు తిరుగుతున్నాయని ఒకామె చెబితే నరాల బలహీనత అని పంపించవద్దు.

ఇక మూత్రపిండాల ధమనులు. జపాన్‌లో ఈ జబ్బు ఎక్కువగా బృహద్ధమని వంపును పట్టుకుంటే, మన దేశంలో పొట్టలోని బృహద్ధమనినీ మూత్రపిండాల ధమనులనూ పట్టడం ఎక్కువ. మూత్రపిండానికి రక్తం తగ్గితే బి.పి. విపరీతంగా పెరుగుతుంది, మెదడులో నాళం చిట్లవచ్చు. ఇక్కడొక ఘోరమైన ఉచ్చు ఉంది. చేతి ధమని మూసుకుపోయి ఉంటే ఆ చేతికి కట్టిన పట్టీ బి.పి. తక్కువని చూపుతుంది. లోపల బృహద్ధమనిలో 200 ఉన్నా చేతిలో 100 రావచ్చు. మెషీన్ అంకె చూపకపోతే మనం బ్యాటరీని అనుమానిస్తాం, చేతిని అనుమానించం. ఏ.ఎన్.ఎం. అమ్మ గర్భిణికి ఒక చెయ్యే చూసి బి.పి. బాగుందని రాసేస్తే, కాన్పు రోజున ఆమె ప్రాణానికే ముప్పు. రెండు చేతులూ, అవసరమైతే తొడ కూడా చూడాలి. కాళ్లకు వెళ్లే దారీ ఇరుకైతే గుండె ఎకో, కంటి పరీక్ష అసలు భారాన్ని పట్టిస్తాయి. కొన్నిసార్లు కెథెటర్ వేసి బృహద్ధమనిలోనే కొలవాల్సి వస్తుంది. బి.పి. తగ్గించడంలోనూ తొందర పనికిరాదు. మెడ ధమనులు ఇరుకుగా ఉన్నవారికి ఒక్కసారిగా తగ్గిస్తే అదే పక్షవాతం తెస్తుంది.

వయసు మళ్లినవారిలో ధమనులకు వచ్చే మరో వాపు జబ్బు జెయింట్ సెల్ ఆర్టిరైటిస్. యాభై దాటాకే వస్తుంది. ఐరోపా సంతతిలో ఎక్కువ, మన దగ్గర అరుదు. కొత్తగా మొదలైన తలనొప్పి, దువ్వెన తగిలితే నొప్పి, నమిలేటప్పుడు దవడ లాగడం దీని గుర్తులు. చూపు ఉన్నట్టుండి పోవచ్చు. పక్షవాతం వస్తే తరచు మెడ వెనక నుంచి వెళ్లే వర్టిబ్రల్ ధమనుల వల్ల వస్తుంది. అనుమానం బలంగా ఉంటే బయాప్సీ ఫలితం కోసం ఆగకుండా స్టెరాయిడ్ మొదలుపెట్టాలి.

టకయాసుకూ మొదటి మందు స్టెరాయిడే. తోడుగా మెథోట్రెక్సేట్, అజాథయోప్రిన్, మైకోఫినోలేట్ వాడతాం. లొంగకపోతే టోసిలిజుమాబ్ వంటివి ఉన్నాయి. స్టెంట్, బైపాస్ సాధ్యమైనంతవరకు వాపు చల్లారాకే. ఇ.ఎస్.ఆర్. మామూలుగా ఉన్నంత మాత్రాన చల్లారిందనుకోకూడదు. జబ్బు రగులుతోందో లేదో రోగిని పరీక్షించి లెక్కగట్టే ఐటాస్ 2010 కొలమానాన్ని మన దేశపు వైద్యులే తయారుచేశారు. అది మనకు గర్వకారణం.

నన్ను ఎక్కువగా బాధించేది మందులు మధ్యలో ఆగిపోవడం. ముఖం ఉబ్బిందని, పెళ్లిచూపులున్నాయని ఇంట్లోవాళ్లే మాత్రలు మాన్పిస్తారు. వాపు మళ్లీ రగులుతుంది. స్టెరాయిడ్ ఒక్కసారిగా ఆపడమే ప్రాణాపాయం. అమ్మలారా, అయ్యలారా, మీ అమ్మాయికి ఈ జబ్బుంటే దాచకండి, డాక్టరుకు చెప్పకుండా ఒక్క మాత్ర మానవద్దు. మూతి వంకర పోయినా, మాట తడబడినా వెంటనే స్ట్రోక్ వైద్యం ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లండి. గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కు మామూలుగా ఉన్న గడువు నాలుగున్నర గంటలే.

విద్యార్థులకూ కళాశాల పెద్దలకూ ఒక విన్నపం. మన కేస్ షీట్లలో బి.పి.కి ఒకే గడి ఉంటుంది. దాన్ని కుడి చెయ్యి, ఎడమ చెయ్యి అని రెండు గళ్లుగా అచ్చు వేయించండి. చిన్న వయసులో పక్షవాతం వచ్చిన ఏ ఒక్కరినీ రెండో గడి నింపకుండా స్కానింగ్‌కు పంపవద్దు.