ఎక్స్‌రే నుండి ఎం.ఆర్.ఐ. దాకా

నేను డాక్టరును కాను. ఆదిలాబాద్, కరీంనగర్ కలెక్టరేటులలో ఫైళ్ళు రాసిన గుమాస్తాను. అయినా ఈ వయసులో స్కానింగు ఎరుగనివాళ్ళం మనలో తక్కువ గనుక, చదివి తెలుసుకున్నది నాలుగు మాటలు చెబుతాను.

1895 నవంబరులో జర్మనీలో రాంట్‌జన్ కంటికి కనబడని కిరణాలను కనుగొన్నాడు. అవేమిటో తెలియక 'ఎక్స్' అన్నాడు, ఆ పేరే నిలిచింది. ఎముక వాటిని ఆపుతుంది గనుక ఫిల్ముపై తెల్లగా, గాలి నిండిన ఊపిరితిత్తి నల్లగా పడుతుంది. గోదావరిఖని, బెల్లంపల్లి బొగ్గుబావుల కార్మికుల రొమ్ములో దుమ్ము పేరుకున్నదా, గల్ఫుకు పోయే పిల్లగానికి క్షయ ఉన్నదా అని చూసేది ఆ నీడలలోనే.

కాని ఎక్స్‌రేలో ముందున్నదీ వెనుకున్నదీ ఒకదానిమీద ఒకటి పడతాయి. ఆ చిక్కు విప్పింది సి.టి. స్కాను. కిరణాలను శరీరం చుట్టూ తిప్పి, అన్ని వైపుల కొలతలనూ కంప్యూటరుతో లెక్కగట్టి, రొట్టె ముక్క కోసినట్టు లోపలి పొరను చూపుతుంది. 1971లో లండనులో మొదటి రోగికి దీన్ని వాడారు. తయారుచేసిన హౌన్స్‌ఫీల్డ్ ఇ.ఎం.ఐ. కంపెనీ ఇంజనీరు. మనం విన్న హెచ్.ఎం.వి. కుక్కబొమ్మ రికార్డుల వెనుక ఉన్నదీ ఆ కంపెనీయే! అదే ఏడు మన దేశస్థులు జి.ఎన్. రామచంద్రన్, ఎ.వి. లక్ష్మీనారాయణన్ ప్రకటించిన లెక్కల పద్ధతి తరువాత ఈ మిషన్లకు ఎంతో పనికివచ్చింది.

ఒక్క మాట. ఛాతీ సి.టి.లో కిరణాలు మామూలు ఛాతీ ఎక్స్‌రేకన్నా పదుల రెట్లు ఎక్కువ. డాక్టరు అవసరమంటే జంకవద్దు. పక్కింటాయన తీయించుకున్నాడని మనమే అడిగి తీయించుకోవద్దు.

అల్ట్రాసౌండులో, ఎం.ఆర్.ఐ.లో ఈ కిరణాలు లేవు. మొదటిది చెవికి అందని శబ్దం పంపి ప్రతిధ్వనిని పట్టుకుంటుంది. రెండవది పెద్ద అయస్కాంతం. మన ఒంటిలోని నీటిలో ఉన్న హైడ్రోజన్ పరమాణువులను రేడియో తరంగాలతో కదిపి, అవి తిరిగి పంపే సంకేతాలతో బొమ్మ గీస్తుంది. మెదడు, వెన్నుపూసల మధ్య నరాలు ఇందులో బాగా తెలుస్తాయి. నా నడుముకు తీసినప్పుడు గొట్టంలో సమ్మెట దెబ్బలవంటి మోత! పేస్‌మేకరు గాని, ఒంటిలో మరే లోహం గాని ఉన్నవారు ముందే చెప్పి తీరాలి.

ఇక మన గుమాస్తా పని. పాత ఫిల్ములు చెత్తలో వేయకండి. ఊపిరితిత్తిలో మచ్చ కనబడితే, అది పదేళ్ళనాటిదా, నిన్నమొన్నటిదా అన్నది పాత ఫిల్ము పక్కన పెడితేనే తేలుతుంది. పాత మచ్చ పెరగలేదని తెలిస్తే కొన్నిసార్లు మళ్ళీ సూదులు, పరీక్షలు తప్పుతాయి. కవరుపై పేరు, తేదీ రాసి, మడవకుండా వరుసన పెట్టండి. ఇప్పుడు సీడీలో, సెల్లులో ఇస్తున్నారు గనుక, మనుమలచేత ఇంకొక కాపీ తీయించండి.