పెట్టె అడుగున పాత నాణేలు

(మహిళా కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగ పాఠం)



పెద్దవాళ్ళు కాలం చేశాక ఇల్లు సర్దుతుంటే, ట్రంకు పెట్టె అడుగునో బీరువా సొరుగులోనో ఓ గుడ్డసంచీ బయటపడుతూ వుంటుంది. విక్టోరియా రాణి రూపాయలు, చిల్లు కానీలు, నిజాం కాలపు చార్మినార్ బిళ్ళలు, నయాపైసలు అన్నీ అందులో కలగాపులగంగా వుంటాయి. ఇంటికొచ్చిన మేనల్లుడు ఫోను తీసి చూసి, "అత్తా! ఇలాంటిది లక్షలకి పోయిందట, అన్నీ గ్రేడింగుకి పంపించెయ్యి" అంటాడు. పంపాలా? పంపితే వేటిని పంపాలి? ఆ సంగతే ఇవాళ మీతో ముచ్చటిద్దామని.

ముందు గ్రేడింగంటే ఏమిటో చూద్దాం. అమెరికాలో 1986లో పీసీజీఎస్, 1987లో ఎన్‌జీసీ అనే సంస్థలు పని మొదలుపెట్టాయి. నాణెం అసలుదో నకిలీదో తేల్చి, ఎంత అరిగిందో చూసి, 1 నుంచి 70 లోపు ఒక అంకె వేసి, గట్టి ప్లాస్టిక్ డబ్బీలో బిగించి ఇస్తారు. 60 గాని ఆ పైన గాని వచ్చిందంటే ఆ నాణెం వాడకంలో అరగలేదన్నమాట. కొనేవాడికి నమ్మకం కుదురుతుంది. దాని ప్రయోజనమల్లా అంతే. మామూలు నాణేన్ని అది అపురూపం చెయ్యలేదు.

పైగా ఇది ఖర్చుతో కూడిన పని. రుసుము, పోను రాను కొరియరు, బీమా అన్నీ కలిపి నాణేనికి రెండున్నర వేలు అవుతుందనుకోండి. అయిదు వందలు పలికే నాణేనికి అంత పెడితే పావలా కోడికి ముప్పావలా మసాలా వేసినట్టే కదూ! అంచేత పంపే ముందు ఇంట్లోనే ఏరుకోవాలి. చేటలో బియ్యం ఏరడం మనకి ఒకరు నేర్పాలా? దుప్పటి పరిచి మూడు కుప్పలు చెయ్యండి.

మొదటి కుప్ప, విరివిగా దొరికేవి. 1943 నుంచి 1947 దాకా వచ్చిన చిల్లు కానీలు, 1957లో వచ్చిన నయాపైసలు, 1985 నాటి ఇందిరాగాంధీ బొమ్మ నాణేలు, 2012లో వచ్చిన వైష్ణోదేవి అయిదు, పది రూపాయల బిళ్ళలు సాధారణంగా ఇందులోకే వస్తాయి. పావలాలు 2011 జూన్ 30తో చెలామణీ నుంచి తప్పుకున్నాయి గనక అపురూపమేమో అనుకుంటారు కొందరు. చెల్లకపోవడం వేరు, అరుదుగా దొరకడం వేరు. వీటిని పిల్లలకివ్వండి, చరిత్ర నేర్చుకుంటారు.

రెండో కుప్ప, వెండి విలువ చేసేవి. పాత రూపాయి సరిగ్గా తులం, అంటే 11.66 గ్రాములు. పన్నెండు పాళ్ళలో పదకొండు పాళ్ళు వెండే. 1940 నుంచి 1945 దాకా వచ్చిన వాటిలో వెండి సగమే. 1947 నాటి పులిబొమ్మ రూపాయిలో వెండి బొత్తిగా లేదు, అది నికెలు. అయస్కాంతం దగ్గర పెడితే అతుక్కుంటుంది, చూడండి. 1862 అని వున్న విక్టోరియా రూపాయి చూసి మురిసిపోతాం గాని, ఆ ఏడు వేసే 1874 దాకా ముద్రిస్తూ పోయారు. అంచేత అది చాలా ఇళ్ళల్లో వుంటుంది. కొలికి అతికించినవీ, కాసులపేరులోంచి ఊడదీసినవీ ఎంత పాతవైనా ఈ కుప్పలోకే.

మూడో కుప్ప చిన్నది. పంపాలా అని ఆలోచించాల్సింది దీని గురించే. 1938 రూపాయి మామూలుగా దొరుకుతుంది, 1939 రూపాయి మాత్రం చాలా అరుదు. అందుకే 8ని 9గా చెక్కే ఘనులుంటారు! 1911 నాటి అయిదో జార్జి రూపాయి మీద అంగీపైని ఏనుగు బొమ్మ పందిలా వుందని గొడవై, మరుసటి ఏడు అచ్చు మార్చారు. అరగనిదైతే దీన్ని ఇష్టపడి కొంటారు. హైదరాబాదు రూపాయల మీద చార్మినార్ ద్వారంలో ఒక ఉర్దూ అక్షరం వుంటుంది. మహబూబ్ అలీ ఖాన్‌కి 'మీమ్', ఉస్మాన్ అలీ ఖాన్‌కి 'ఐన్'. ఆ 'ఐన్' రాసిన తీరులోనూ తేడాలున్నాయి. ఉర్దూ చదవగలవాళ్ళ చేత హిజ్రీ సంవత్సరం కూడా చదివించుకోండి.

ఈ కుప్పలోని ప్రతి నాణేన్నీ మూడు ప్రశ్నలడగండి. ఇది అరుదైనదా? భూతద్దంలో చూస్తే చెవి పైని జుట్టు, కిరీటం అంచులు స్పష్టంగా వున్నాయా? అసలుదని రుజువైతే ధర ఖర్చుకి కనీసం మూడు రెట్లు పెరుగుతుందా? మూడింటికీ అవునంటేనే పంపండి. మూడు రెట్ల లెక్క నేను పెట్టుకున్నది, మీరు మీ వీలుని బట్టి మార్చుకోవచ్చు.

ఇకపోతే, మనకి ఒక అలవాటుంది. నల్లబడ్డదేదైనా చింతపండు పెట్టి తోమెయ్యడం! రాగిచెంబుకి అది అందమే గాని నాణేనికి చేటు. తోమిన గీతలు పరీక్షలో పట్టుబడతాయి. అప్పుడు అంకె ఇవ్వకుండా 'శుభ్రం చేసినది' అని రాస్తారు. ఆ నలుపు అలాగే వుండనివ్వండి. అంచులు పట్టుకునే ఎత్తండి. మెత్తని పీవీసీ కవర్లలో దాచకండి, పచ్చటి జిగురు పడుతుంది.

చట్టం మాట కూడా చెప్పాలి. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్ళు నిండిన నాణెం పురావస్తువు. దాన్ని విదేశాలకి ఎగుమతి చేసే హక్కు కేంద్ర ప్రభుత్వానికీ, అది అధికారమిచ్చిన సంస్థకీ తప్ప వేరెవరికీ లేదు. విక్టోరియా, ఎడ్వర్డు నాణేలు, 1911 రూపాయి అన్నీ ఈ లెక్కలోకి వస్తాయి. అంచేత నాణేలు తీసుకునే వ్యాపారిని, "పరీక్ష ఎక్కడ జరుగుతుంది? ఇది దేశం దాటుతుందా?" అని అడిగి, జవాబు రాయించుకోండి.

మోసాలు కూడా తక్కువేం లేవు. 1818 అని వేసి, రాముడో హనుమంతుడో వున్న ఈస్టిండియా కంపెనీ నాణెం బియ్యాన్ని లాగుతుందని చెబుతారు. కంపెనీవారు అటువంటిది ముద్రించనే లేదు. ముందుగా పన్ను కట్టండి, కమీషను పంపండి అంటూ తన పేరు వాడుకుంటున్నారని రిజర్వు బ్యాంకే 2021 ఆగస్టులో హెచ్చరించింది. నాణెం కొనేవాడు మనకి డబ్బిస్తాడు గాని మననే అడగడు కదా!

అన్నిటికన్నా పెద్ద చిక్కు ఇంట్లో వస్తుంది. మా నాన్నగారి నాణేలు పంచుకునేటప్పుడు, మంచివి ముందే ఎవరో తీశారేమోనన్న అనుమానం మా నలుగురిలోనూ వుంది, నోటితో మాత్రం ఎవరూ అనలేదు. అప్పుడు మా చిన్నక్క ఒక నోటుపుస్తకం తెచ్చింది. ఒక్కొక్క నాణెం సంవత్సరం, బరువు రాసి, రెండువైపులా ఫోటో తీసి, నలుగురం సంతకాలు పెట్టాం. ఆ పూటతో మనసులు తేలికపడ్డాయి. మొత్తం 212 నాణేలు. 1939 అనుకున్నదాన్ని భూతద్దంలో చూస్తే 9 తోక పక్కన చెక్కిన గీతలు కనబడ్డాయి. చివరికి పంపినది ఒకటే, అరగని 1938 రూపాయి. ఖర్చు నాలుగు వాటాలు వేసుకున్నాం.

నాన్నగారు చుట్టిపెట్టిన కాగితం ముక్కల్ని మాత్రం పారెయ్యలేదు. ఏ నాణెం ఎక్కడ కొన్నారో ఆయన చేతిరాతలో వుంది. కొనేవాళ్ళకీ అది పనికొచ్చే సాక్ష్యమే. అమ్మ పెళ్ళినాడు తాతగారు ఆమె చేతిలో పెట్టిన రూపాయి కూడా ఆ సంచీలోనే వుంది. బొమ్మ పూర్తిగా అరిగిపోయింది. దాన్ని ఏ కుప్పలోనూ వెయ్యలేదు.

అంచేత సోదరీమణులారా, మీ ఇంట్లో అలాంటి సంచీ వుంటే ముందు ఒక పుస్తకం, ఒక భూతద్దం, ఒక అయస్కాంతం దగ్గర పెట్టుకోండి. అన్నదమ్ముల్నీ అక్కచెల్లెళ్ళనీ పిలిచి కూర్చోబెట్టండి. పంపేది ఒకటో రెండో తేలుతుంది, ఒక్కటీ తేలకపోయినా మునిగిపోయేదేం లేదు. సెలవు.