ఈస్టు తెగులు ఏల తిరిగి వచ్చును?



వరిపైరునకు అగ్గితెగులు సోకుటకు కారణము బూజుజాతికి చెందిన సూక్ష్మజీవి యని మన రైతులలో పలువు రెఱుగుదురు. ఆ బూజు కుటుంబములోనిదే యగు మఱియొక జీవి మనుష్యుల యొడలియందు పుట్టించు తెగులును గూర్చి నేడు కొన్ని మాటలు చెప్పదలచితిని. ఆ జీవిజాతికి ఈస్టు అని పేరు. తాటికల్లు తెల్లవారునప్పటికి నురుగులు క్రక్కుచు పులియుటకు ఈ జాతివే కారణము. రొట్టెపిండి పొంగుటకును ఇవే కారణము. వీనిలో కాండిడా యను తెగ మన దేహము నాశ్రయించి యుండును. 1923వ సంవత్సరమున డచ్చి శాస్త్రజ్ఞురాలగు క్రిస్టీన్ బెర్ఖౌట్ దీని కీ పేరు పెట్టెను. లాటిను భాషలో తెలుపును సూచించు మాటనుండి యిది వచ్చినది. ఏలయన, ఇది పుట్టించు పూత తెల్లగా నుండును.

ఆరోగ్యవంతుల నోటియందును, ప్రేగులయందును ఈ ఈస్టు కొంచెముగా నుండుట సహజము. మన యొడలిలో నివసించు మేలుచేయు సూక్ష్మజీవులు దానిని హద్దులో నుంచును. దేహబలము తగ్గినను, ఆ మేలుజీవులు నశించినను, చెమ్మ యెడతెగక నిలిచినను అది విజృంభించును. చేనిలోని తుంగను కొడవలితో కోసినచో నాలుగు దినములు నేల శుభ్రముగా కనబడును. లోపలి గడ్డ మరల మొలచును. ఈ తెగులును అట్టిదే. మందు మొలకను తీయును. అది మొలచుటకు వీలిచ్చిన నేలను గూడ చక్కబెట్టినగాని తెగులు విడువదు. నేటి ప్రసంగమునకు సారాంశ మిదియే.

మొదట దీనిని గుర్తించు విధమును చెప్పెదను. పసిబిడ్డల నాలుకమీదను, బుగ్గల లోపలను పాలవిరుగుడువంటి తెల్లని పూత యేర్పడును. వృద్ధులకు కట్టుడుపండ్ల క్రింద ఎఱ్ఱబడి మండును. పెదవుల మూలలు పగులును. నాట్ల దినములలో నీట నానిన కాళ్ల వ్రేళ్లసందులు తెల్లబడి ఒరిసిపోవును. ఈ ఒరుపులో ఈస్టుతోబాటు ఇతరములగు బూజులును చేరుచుండును. అంట్లు తోము స్త్రీల గోళ్ల మొదళ్లు ఉబ్బి నెలలు గడచినను మానకుండును. స్థూలకాయులకు గజ్జలయందును, చర్మపు ముడుతలయందును ఎఱ్ఱగా ఒరిసి, చుట్టును చిన్న పొక్కులు లేచును. స్త్రీలకు మర్మస్థానమున తీవ్రమైన దురద, మంట, పెరుగుతరకలవంటి తెల్లబట్ట కలుగును.

అయితే తెల్లనిదెల్ల ఈస్టు కాదు. గుండ్రని అంచుతో వ్యాపించు తామర వేఱొక బూజువలన వచ్చును; ఈస్టుకు పనిచేయు నిస్టాటిన్ అను మందు తామరకు పనిచేయదు. నోటిలోని తెల్లమచ్చను మెత్తని గుడ్డతో తుడిచినను ఊడిరానిచో, అందును చుట్టగాని పొగాకుగాని అలవాటున్నవారికి, అది పుండుగా మాఱి ప్రాణాంతకము కావచ్చును. శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతములలో అడ్డపొగ త్రాగు స్త్రీలు దీనిని ముఖ్యముగా గమనింపవలెను. తెల్లబట్ట దుర్వాసనతోగాని, పచ్చని రంగుతోగాని ఉన్నచో అది వేఱు వ్యాధి. ముట్లుడిగిన స్త్రీకి మరల రక్తము కనబడినచో ఒక్క దినమైనను ఆలసింపక వైద్యునకు చూపవలెను. మందు పనిచేయలేదని నిందించుటకు ముందు వ్యాధి సరిగా నిర్ణయింపబడినదా యని అడుగుట మేలు.

ఇక తిరిగివచ్చుటకు గల కారణములు. అన్నిటిలో ముఖ్యమైనది మధుమేహము. రక్తమున చక్కెర పెరిగినచో ఈస్టునకు ఆహారము సమృద్ధియగును. దానిని ఎదిరించు రక్తకణముల శక్తి సన్నగిల్లును. తనకు మధుమేహ మున్నదని తెలియనివానికి మొదట కనబడు చిహ్నము ఈ దురదయే కావచ్చును. కావున ఏడాదిలో రెండు మూడు మాఱులు ఈ తెగులు వచ్చినవారు తప్పక రక్తపరీక్ష చేయించుకొనవలెను. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అను మధుమేహపు మాత్రలు చక్కెరను మూత్రముగుండా వెడలించును. అందువలన స్త్రీపురుషు లిరువురికిని మర్మస్థానమున ఈస్టు పెరుగవచ్చును. అవి మంచి మందులే. వానిని తమంతట మానివేయక, ఈ సంగతిని వైద్యునితో చెప్పవలెను.

రెండవది యాంటిబయోటిక్కుల మితిమీరిన వాడుక. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో పరిశోధనలకు నాయకత్వము వహించుచుండగా 1948లో ఆరియోమైసిన్ అను ఘనమైన ఔషధము లోకమునకు లభించినది. ఆయన గౌరవార్థము ఒక బూజుజాతికి సుబ్బరోమైసిస్ అను పేరును పెట్టిరి. ఇట్టి మందులు లక్షలకొలది ప్రాణములను నిలిపినవి. కాని యవి బాక్టీరియాలను చంపునే గాని ఈస్టును చంపవు. మేలుచేయు బాక్టీరియాలును వానితోపాటు చచ్చుటచే ఈస్టునకు చోటు దొరకును. జలుబునకును, ఒళ్లునొప్పులకును అంగడిలో అడిగి యాంటిబయోటిక్కు మ్రింగువారు ఈ ఫలమును అనుభవించుచుందురు.

మూడవది స్టెరాయిడు కలిసిన లేపనము. దురద యనగానే అంగడివా డిచ్చు గొట్టములలో బీటామెథసోను, క్లోబెటసాలు వంటివి కలిసియుండుట కలదు. పూసిన మఱునాడే దురదయు ఎఱుపును తగ్గును, రోగి సంతోషించును. లోపల బూజు మాత్రము నిరాటంకముగా పెరుగును. చర్మము పలుచబడి చారలు పడును. 2018లో భారత ప్రభుత్వము ఇట్టి స్టెరాయిడు లేపనములను పెక్కింటిని వైద్యుని చీటి లేనిదే అమ్మరాదని శాసించినది. గొట్టముపై నున్న పేరును చదువగలిగిన పెద్దలు ఇంటివారికి చదివి చెప్పుదురుగాక. ఉబ్బసమునకు స్టెరాయిడు మందును పీల్చువారు పీల్చిన ప్రతిమాఱును నోరు పుక్కిలించి ఉమిసినచో నోటిపూత రాకుండును. కట్టుడుపండ్లను రాత్రివేళ తీసి శుభ్రపఱచి యుంచవలెను.

నాల్గవది చెమ్మ. అయిదవది మందును మధ్యలో మానుట. ఇవేవియు లేకయే నోటను, గొంతునను పూత విడువకున్నచో హెచ్.ఐ.వి. పరీక్ష చేయించుకొనుటకు సిగ్గుపడరాదు. ఆ వ్యాధికి నేడు మంచి మందులు కలవు. ముందు తెలియుటయే లాభము.

ఔషధముల సంగతి విందము. న్యూయార్కు నగరమున ఎలిజబెత్ హేజెను, ఆల్బనీ పట్టణమున రేచెల్ బ్రౌను అను ఇరువురు స్త్రీలు ప్రభుత్వ పరిశోధనాలయములలో పనిచేయుచు, మట్టినుండి తీసిన నమూనాలను తపాలాద్వారా ఒండొరులకు పంపుకొనుచు 1950లో నిస్టాటిన్ అను మందును కనుగొనిరి. దాని మూలము వర్జీనియా రాష్ట్రపు ఒక పొలములోని మట్టి. ఆ మందుపై వచ్చిన కోటి ముప్పది లక్షల డాలర్లకు పైబడిన ఆదాయమును వారు పరిశోధనలకే విడిచిరి. తరువాత క్లోట్రిమజోలు, ఫ్లూకొనజోలు మొదలైనవి వచ్చినవి. బూజుకణపు గోడచాటున నుండు పలుచని పొరయందు ఎర్గోస్టెరాలు అను కొవ్వుపదార్థ ముండును. అది మానవకణములయందు లేదు. నిస్టాటిన్ దానిని పట్టుకొని పొరకు తూట్లు పొడుచును. తక్కిన రెండును దాని తయారీని అడ్డగించును.

చర్మపు ముడుతలకు క్లోట్రిమజోలు లేపనమును దినమునకు రెండుమాఱులు, రెండునుండి నాలుగు వారములవఱకు పూయవలెను. దురద పోయినదని నాల్గవ దినముననే మానరాదు. నోటిపూతకు సామాన్యముగా ఒకటి రెండు వారములు మందు వాడవలెను. స్త్రీలకు వచ్చు సామాన్యపు తెగులునకు ఫ్లూకొనజోలు 150 మిల్లీగ్రాముల మాత్ర యొక్కటి చాలును. లేదా క్లోట్రిమజోలు లోపల నుంచు బిళ్లలు వాడుదురు. గర్భవతులు ఫ్లూకొనజోలు మ్రింగరాదు. వారికి క్లోట్రిమజోలు ఏడుదినములు లోపల వాడుట పద్ధతి. ఏడాదిలో మూడు నాలుగుమాఱులు తిరిగివచ్చువారికి వైద్యులు మూడుదినముల కొకటి చొప్పున మూడు మాత్ర లిచ్చి, పిమ్మట వారమున కొకటిగా ఆఱుమాసములు వాడింతురు. మందు సాగినంతకాలము పెక్కుమందికి తెగులు రాదు. మానిన పిమ్మట సుమారు సగముమందికి తిరిగి వచ్చుచున్నది. నేలను చక్కబెట్టుమని చెప్పుట ఇందుకే.

ఫ్లూకొనజోలు కొన్ని మందులతో పొసగదు. గ్లిమెపిరైడు, గ్లిపిజైడు వంటి మధుమేహపు మాత్రలతో కలిసినచో చక్కెర హఠాత్తుగా పడిపోవచ్చును. రక్తము గడ్డకట్టకుండ వాడు వార్ఫరిన్‌తో కలిసినచో రక్తస్రావము కావచ్చును. వాడుచున్న మందులన్నియు వైద్యుని యెదుట పెట్టి చూపవలెను. కాండిడాలో గ్లాబ్రాటా, క్రూసీ అను తెగలు ఈ మందునకు సులభముగా లొంగవు. అందుచే పూర్తిగా వాడినను తగ్గనప్పుడు అక్కడి స్రావమును పరీక్షకు పంపి, ఏ తెగయో తెలిసికొనుట యవసరము.

మన పెరటి మందులమాట యేమి? వేపాకు, పసుపు, కొబ్బరినూనె, వెల్లుల్లి ఇవన్నియు పరిశోధనాలయపు గాజుపాత్రలలో ఈస్టును కొంతవఱకు అణచుచున్నవి. గాజుపాత్ర వేఱు, మనిషి యొడలు వేఱు. ఇవి మాత్రమే పాతతెగులును కుదుర్చునని రుజువు కాలేదు. అంతమాత్రమున అన్నియు త్రోసివేయదగినవి కావు. పొడిబాఱి పగిలిన చర్మమునకు శుభ్రమైన కొబ్బరినూనె హాయినిచ్చును. పెరుగు మంచి ఆహారము, తినుడు. దానిని మందుగా మర్మస్థానమున పూయుట మాత్రము తగదు. వెల్లుల్లిముద్ద, నిమ్మరసము, కిరసనాయిలు, నల్లజీడి రసము పూసినచో చర్మము కాలి బొబ్బలెక్కును. ఆ పుండు అసలు తెగులుకన్న కష్టము. క్యారమ్సు బల్లపై చల్లు బోరికామ్లము లొంగని తెగలకు వైద్యులు వాడు మందే. కాని యది కొలతప్రకారము లోపల నుంచదగిన బిళ్లగా వాడబడును. నోట మ్రింగినచో విషము. గర్భవతులకు పనికిరాదు.

ఇంటివైద్యములలో అన్నిటికన్న గట్టిది ఖర్చులేనిది. అది పొడిదనము. పొలమునుండి రాగానే కాళ్లు కడిగి వ్రేళ్లసందులు గుడ్డతో ఒత్తవలెను. అంట్లు తోమిన చేతులను తుడిచికొనవలెను. చెమటపట్టిన లోబట్టలను దినదినము మార్చవలెను. మర్మస్థానమును సబ్బునీటితో లోపల కడుగుట మంచిది కాదు. మన యిండ్లలో స్త్రీల లోబట్టలను ఎవరికంటను పడకుండ చీరల క్రిందను, చీకటి గదులలోను ఆరవేయుదురు. అవి పూర్తిగా ఆరవు. అదే చెమ్మతో మరల కట్టుకొందురు. సూర్యుని యెదుట దాచవలసిన దేమియు లేదు. పెరటిలో ఎండతగులు తావున వారికొక తీగె కట్టించుట గృహయజమానికి గొప్ప పని కాదు.

గ్రామ పెద్దలారా, ఈ తెగులు ప్రాణము తీయుట అరుదు. కాని నిద్రను, పనిని, దాంపత్యసుఖమును, మనశ్శాంతిని ఏండ్లతరబడి హరించును. కోడలు అత్తతో చెప్పలేదు. అత్త మగవారితో చెప్పదు. ఆసుపత్రికి పోవుటకు కారణము అడిగినచో ఏమి చెప్పవలెనో తెలియక ఎందఱో ఊరకుందురు. మీ యింటి స్త్రీ ఆసుపత్రికి పోవలెనన్నప్పుడు కారణము తఱచితఱచి యడుగక బండి కట్టించుడు. వృద్ధులగు మీరును మీ నోటిని, మీ కాళ్లను, మీ రక్తములోని చక్కెరను పరీక్షింపజేసికొనుడు. పెద్దలు సిగ్గు విడిచి పరీక్షకు పోయినచో పిన్నలకు ధైర్యము కలుగును. తుంగగడ్డను త్రవ్వి తీయు ఓపిక మన రైతునకు కొత్తది కాదు; ఆ ఓపికనే ఈ తెగులుపైనను చూపుదము.